తొలి మూడు నెలల్లో గర్భస్రావం: అసలు జాగ్రత్త ఎక్కడ పడాలి?

నెల తప్పిందని తెలియగానే ఇంట్లో ఆంక్షలు మొదలవుతాయి. మెట్లెక్కొద్దు, బిందె ఎత్తొద్దు, బస్సెక్కొద్దు. తీరా గర్భం నిలవకపోతే "చెప్తే విన్నావా?" అని ఆమెనే అంటారు. ఇది చాలా అన్యాయం. నిర్ధారణ అయిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా నిలవవు. వాటిలో ఎక్కువ భాగం 12 వారాల లోపే పోతాయి. అలా తొలినాళ్లలో పోయేవాటిలో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోముల (కణాల్లో జన్యువులను మోసే పోగులు) తేడాయే కారణం. మామూలు ఇంటిపని, నడక వల్ల గర్భం పోదు. రోజంతా మంచం మీద పడుకుంటే నిలుస్తుందన్న మాటకూ ఆధారం లేదు.

మన చేతిలో ఉన్న జాగ్రత్తలు చాలావరకు నెల తప్పకముందే తీసుకోవాల్సినవి. షుగర్, థైరాయిడ్, బీపీ పరీక్షలు చేయించుకుని, తేడా ఉంటే ముందే అదుపులోకి తెచ్చుకోండి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే గర్భం కోసం ప్రయత్నించే ముందే డాక్టరుకు చెప్పాలి. అవి గర్భస్రావానికీ, బిడ్డలో అవయవ లోపాలకూ దారితీస్తాయి. అలాగని థైరాయిడ్, ఫిట్స్ మందులు మీ అంతట మీరు ఆపేయకండి. ఇంట్లో సిగరెట్ కాల్చేవాళ్లుంటే, ఆ పొగ కూడా మీకు తగలకూడదు. ఇక బొప్పాయి సంగతి: పచ్చికాయ వద్దు, బాగా మాగిన పండుతో భయం లేదు.

కొద్దిగా రక్తపు మరక కనిపిస్తే అంతా అయిపోయినట్టు కాదు. తొలి మూడు నెలల్లో నలుగురిలో ఒకరికి ఇలా కనిపిస్తుంది, చాలామందికి గర్భం నిలుస్తుంది. అయినా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, భుజం నొప్పి ఉన్నా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు. గర్భసంచి బయట, ట్యూబులో పిండం పెరుగుతుండొచ్చు. అది ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోన్ చేయండి.

బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే, రక్తస్రావం మొదలైందని చెప్పేటప్పుడే గ్రూపు సంగతీ చెప్పండి. బిడ్డది పాజిటివ్ గ్రూపైతే, ఆ రక్తానికి వ్యతిరేకంగా తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారుకాకుండా ఆపేది యాంటీ-డి ఇంజెక్షన్. అది అవసరమైతే రక్తస్రావం మొదలైన 72 గంటల లోపు ఇవ్వాలి.

వరుసగా రెండుసార్లు గర్భం పోతే మళ్లీ ప్రయత్నించే ముందే కారణం వెతికించుకోండి. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (రక్తం తేలిగ్గా గడ్డకట్టే జబ్బు) లాంటి వాటికి మందులున్నాయి. ఆ సంప్రదింపులకు భర్త కూడా వెళ్లాలి, అవసరమైతే క్రోమోజోముల పరీక్ష ఇద్దరికీ చేస్తారు.