నుయ్యి, బోరు లేని పల్లెటూరి ఇంటి మీద రివర్స్ మార్ట్‌గేజ్ రావాలంటే ఏం చూసుకోవాలి

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పల్లెల్లో చూస్తే సొంత ఇల్లు ఉండి కూడా నెల గడవడానికి ఇబ్బంది పడే పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు, పిల్లలేమో వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, వాళ్లని అడగడానికి వీళ్లకి మొహమాటం. ఇల్లు తాకట్టుగా పెట్టుకుని బ్యాంకు నెలనెలా డబ్బులిచ్చే పద్ధతి, అదే రివర్స్ మార్ట్‌గేజ్, ఉందని చెప్తే మొదట అనే మాట ఏంటంటే "మా ఇంట్లో నుయ్యి లేదు, బోరు లేదు, పంచాయతీ కుళాయి నీళ్లే, మాకెవరిస్తారు బాబూ" అని. ఆ ఒక్క కారణంతో ఆగిపోకండి. నుయ్యి లేకపోవడం వల్ల లోన్ పోదు, నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కాగితం మీద చూపించలేకపోతే మాత్రం ఇబ్బందే, దానికంటే పెద్ద ఇబ్బంది స్థలం కాగితాల దగ్గర వస్తుంది. రెండూ చెప్తాను.

ముందు అసలు విషయం. మన దేశంలో ఇది 2007లో మొదలైంది, గైడ్‌లైన్స్ నేషనల్ హౌసింగ్ బ్యాంక్ ఇచ్చింది. 60 ఏళ్లు నిండాలి, భార్యాభర్తలిద్దరూ కలిసి తీసుకుంటే ఒకరికి 60 దాటి ఉండాలి, రెండోవాళ్ల వయసు విషయంలో బ్యాంకుని బట్టి కొంచెం సడలింపు ఉంటుంది. ఇల్లు సొంత సంపాదనతో వచ్చినదై ఉండాలి, అందులో వాళ్లే నివాసం ఉండాలి, ఇంకో అప్పు దాని మీద ఉండకూడదు, ఇంటికి ఇంకో 20 ఏళ్లయినా ఆయుష్షు ఉండాలి. ఈఎంఐ కట్టేది ఏమీ లేదు, బ్యాంకే మీకు కడుతుంది, భార్యాభర్తలిద్దరూ పోయాక లెక్క తేలుస్తారు. ఈ షరతుల్లో ఎక్కడా నుయ్యి ఉండాలి, బోరు ఉండాలి అని లేదు.

ఈ నీళ్ల భయం కొంతమందికి ఎక్కడ పట్టుకుందంటే అమెరికాలో ఉన్న కొడుకో అల్లుడో నెట్‌లో అక్కడి రూల్స్ చదివి ఫోన్‌లో చెప్పడం వల్ల. అక్కడ ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉన్న రివర్స్ మార్ట్‌గేజ్‌కి 62 ఏళ్లు నిండాలి, కౌన్సెలింగ్ తప్పనిసరి, ఇంటికి తాగడానికి పనికొచ్చే నీళ్లు ఎప్పుడూ అందుతూ ఉండాలి, సొంత బావి మీద ఆధారపడిన ఇల్లయితే ఆ బావి మీద వేరే షరతులుంటాయి. అది అక్కడి సంగతి. మన దగ్గర లిస్టులా రాసిన నీటి రూలు లేదు గానీ వాల్యుయేషన్‌కి వచ్చే ఇంజనీర్ "ఈ ఇంట్లో మనుషులు ఉండగలరా, రేపు అమ్మితే కొనేవాడు దొరుకుతాడా" అని చూస్తాడు, నీళ్లు ఆ రెండు ప్రశ్నల్లోనూ ఉంటాయి.

కాబట్టి బ్యాంకుకి వెళ్లకముందే నీళ్ల ఫైలు ఒకటి తయారు చేసుకోండి. జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న ప్రకటించారు కదా, దాని కింద మనిషికి రోజుకి 55 లీటర్లు ఇంటి కుళాయికి ఇవ్వాలన్నది లెక్క, మీ ఇంటికి ఆ కుళాయి వచ్చి ఉంటే ఆ కనెక్షన్ ఎవరి పేరున ఉందో ముందు చూడండి. చాలా ఇళ్లలో ఇంటి పన్ను నాన్నగారి పేరున, కుళాయి పెద్దకొడుకు పేరున, కరెంటు మీటరు ఎప్పుడో పోయిన తాతగారి పేరున ఉంటాయి. లోన్ అడిగే మనిషి పేరుకి ఇవన్నీ మార్పించుకోండి, గ్రామ సచివాలయంలో అడిగితే ఏ కాగితాలు కావాలో చెప్తారు. తర్వాత పంచాయతీ కార్యదర్శి దగ్గర ఫలానా డోరు నంబరుకి కుళాయి కనెక్షన్ ఉంది, నీళ్లు సరఫరా అవుతున్నాయి అని లెటర్ తీసుకోండి. నీటి పన్ను రసీదులు పాతవి పారేయకండి, వరసగా నాలుగైదేళ్లవి ఉంటే లెటర్ కంటే వాటికే విలువెక్కువ.

కుళాయి నీళ్లు రోజులో ఏదో ఒక పూటే వస్తాయి కాబట్టి నిల్వ ముఖ్యం. సంపు, పైన ట్యాంకు, మోటారు, ఈ మూడూ ఉన్న ఇంటికీ వాకిట్లో డ్రమ్ములు పెట్టుకున్న ఇంటికీ ఇంజనీర్ రాసే రిపోర్టులో చాలా తేడా వస్తుంది. పద్మనాభం దగ్గర మా బంధువులింటికి వాల్యుయేషన్‌కి వచ్చినాయన ఇంట్లోకి రాగానే హాలు, పడగ్గదులు చూడలేదు, నేరుగా వెనక్కెళ్లి సంపు మూత తీయించి లోపలికి టార్చి వేసి చూశారు, గోడకి పగుళ్లున్నాయేమోనని, తర్వాత వంటింట్లో కుళాయి తిప్పి పైట్యాంకు నుంచి ధార ఎలా వస్తోందో చూశారు, బాత్రూంలో కూడా తిప్పారు, మా పిన్నిని "అమ్మా మే నెలలో ఎన్ని రోజులకోసారి వస్తాయి" అని అడిగారు. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది, ఎండాకాలంలో రోజు విడిచి రోజు, మధ్యలో తక్కువైతే ట్యాంకర్ అని. అదేం తప్పు కాలేదు, సంపు పెద్దది కాబట్టి సరిపోతుందని ఆయనే రాసుకున్నారు. దాచి చెప్పొద్దు, పక్కింటి వాళ్లని అడిగినా తెలిసిపోయే విషయం అది.

నీళ్ల టెస్టు కూడా ఒకటి చేయించి పెట్టండి, అడగకపోయినా సరే. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్లకి ల్యాబులున్నాయి. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500, దాని ప్రకారం టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు, మరీ అయితే 1.5, నైట్రేట్ 45 దాటకూడదు, ఈ.కొలి అనే బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో అసలు కనబడకూడదు. రిపోర్టు మీద ఇంటి అడ్రసు, నమూనా తీసిన తేదీ ఉండేలా చూసుకోండి, లోన్ వచ్చినా రాకపోయినా ఆ ఇంట్లో తాగేది మన అమ్మానాన్నలే కదా.

ఇక లోన్ కోసం అప్పు చేసి బోరు వేయించేస్తామంటారు కొందరు, ఆ తొందర వద్దు. తీరం పక్క ఊళ్లలో బోరు వేసినా ఉప్పు నీళ్లు పడే చోట్లున్నాయి, డబ్బు పోయి అప్పు మిగులుతుంది. పైగా నీళ్లు, భూమి, చెట్ల రక్షణకి పెట్టిన వాల్టా చట్టం 2002 ప్రకారం కొత్త బోరుకి పర్మిషన్ కావాలి, ఊరి మంచినీటి బోరుకి 250 మీటర్ల లోపలైతే ఆంక్షలు గట్టిగా ఉంటాయి, పర్మిషన్ లేని బోరు ఫైల్లో చూపిస్తే ఉపకారం కన్నా అపకారమే. ఆ డబ్బుతో సంపు బాగుచేయించి పైకప్పు కారకుండా చేయించండి.

ఇప్పుడు స్థలం సంగతి. పల్లె ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంగా వదిలిన భూమిలో ఉంటాయి, తరాల నుంచి ఉంటున్నారు గానీ రిజిస్టర్ దస్తావేజు ఉండదు, ఇంటి పన్ను రసీదు ఒక్కటే ఆధారం. బ్యాంకు లాయరు దాంతో ఒప్పుకోడు. దస్తావేజు, లింకు దస్తావేజులు (మీకంటే ముందు యజమానులవి), 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్టులు చూపించే కాగితం), ఆమోదం పొందిన ప్లాను అడుగుతారని లెక్కేసుకునే వెళ్లండి. కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం పెట్టింది ఇలాంటి ఇళ్ల కోసమే, డ్రోన్ సర్వే చేసి ప్రాపర్టీ కార్డు ఇవ్వడానికి, మీ ఊళ్లో ఆ పని ఎంతవరకు వచ్చిందో సచివాలయంలో కనుక్కోండి. డి-పట్టా స్థలమైతే, అంటే ప్రభుత్వం పేదలకి కేటాయించినదైతే, 1977 అసైన్డ్ భూముల చట్టం అడ్డొస్తుంది, ఇళ్ల స్థలాలకి కొన్ని సడలింపులు వచ్చాయి కాబట్టి మీ పట్టాకి వర్తిస్తాయో లేదో తహశీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టి రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట నమ్ముకుని తిరగొద్దు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో (22ఏ అంటారు) ఉందేమో కూడా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, పక్కవాడి భూమి వల్ల మొత్తం సర్వే నంబరు అందులో పడిపోయిన ఇళ్లూ ఉంటాయి, అది తీయించుకోకుండా బ్యాంకు మెట్లెక్కితే ప్రాసెసింగ్ ఫీజు దండగ.

పిత్రార్జితం ఇంకో పెద్ద చిక్కు. స్వార్జితం అన్నారు కాబట్టి తాత కట్టిన ఇల్లు, అన్నదమ్ములు పంచుకోని ఇల్లు పనికిరాదు. దఖలు దస్తావేజుతోనో భాగపంపకాల దస్తావేజుతోనో వచ్చి మీ ఒక్కరి పేరునే ఉంటే బ్యాంకుని బట్టి ఉంటుంది, ముందే లాయరు ఒపీనియన్ తీసుకోండి. ఆడపిల్లల సంతకాలు లేని పంపకాలు ఇక్కడే దొరికిపోతాయి. పాత పెంకుటిల్లయితే 20 ఏళ్ల ఆయుష్షు దగ్గర ఆగుతుంది, శ్లాబు ఇల్లయితే పర్వాలేదు గానీ పెచ్చులూడి ఇనుము కనబడుతుంటే ముందే బాగుచేయించండి.

ఎంత వస్తుందన్న దగ్గర చాలామంది లెక్క తప్పుతుంది, ఇది నిదానంగా చదవండి. ఇంటి విలువ 40 లక్షలు వేశారనుకోండి, అందులో 60 శాతం అంటే 24 లక్షలు లోన్ అన్నారనుకోండి. బ్యాంకు 15 ఏళ్లపాటు నెలనెలా ఇస్తుందనుకుంటే 180 నెలలు, భాగిస్తే నెలకి పదమూడు వేల పైచిలుకు వస్తుందనుకుంటాం. రాదు. ఆ 24 లక్షల్లో వడ్డీ కూడా కలిసే ఉంటుంది. వడ్డీ 10 శాతం అనుకుని లెక్కేస్తే నెలకి చేతికొచ్చేది సుమారు 5,790 రూపాయలు, 15 ఏళ్లలో మొత్తం పది లక్షల నలభై వేల చిల్లర, మిగతాదంతా వడ్డీ. ఇది నేను ఊహకి వేసిన లెక్కే, మీ వయసుని బట్టి, బ్యాంకుని బట్టి శాతం మారుతుంది, వయసు ఎక్కువైతే ఎక్కువ వస్తుంది. కానీ పల్లెలో వాల్యుయేషన్ మార్కెట్ రేటు కంటే తక్కువే వేస్తారు, కాబట్టి మందులకి, కరెంటు బిల్లుకి, సరుకులకి సరిపోతే చాలు అనుకునే వాళ్లకే ఇది సరిపడుతుంది. ఆపరేషన్ లాంటి వైద్యం ఖర్చుకి కొంత ఒకేసారి తీసుకునే వీలుంది. వ్యాపారానికి, షేర్లకి ఇవ్వరు. వచ్చే డబ్బు మీద ఆదాయపన్ను లేదు, 2008లోనే చట్టం మార్చారు.

ఆ 15 ఏళ్ల గడువు అయ్యాక బయటికి పంపేస్తారేమోనని ఆడవాళ్లు ఎక్కువ భయపడతారు. పంపరు. నెలనెలా డబ్బు ఆగుతుంది, వడ్డీ పెరుగుతూ ఉంటుంది, ఇంట్లో మాత్రం ఇద్దరిలో చివరివాళ్లు బతికున్నంత కాలం ఉండొచ్చు. తర్వాత పిల్లలు బాకీ కట్టి ఇల్లు ఉంచుకోవచ్చు, ముందు అవకాశం వాళ్లకే ఇస్తారు, లేదంటే బ్యాంకు అమ్మి బాకీ పోను మిగిలింది వాళ్లకిస్తుంది. ఇంటి ధర బాకీ కంటే తగ్గిపోయినా పిల్లల ఆస్తుల మీదకి రారు. ఈ ముక్క పిల్లలందరినీ కూర్చోబెట్టి సంతకాలకి ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే గొడవలు.

సంతకాలయ్యాక కూడా మనసు మారితే మూడు పనిదినాల్లో వద్దని చెప్పే హక్కు గైడ్‌లైన్స్‌లో ఉంది. లోన్ నడుస్తున్నంత కాలం ఇంటి పన్ను కట్టాలి, రిపేర్లు చూసుకోవాలి, ఇన్సూరెన్స్ ఉండాలి, 2014 హుద్‌హుద్ తుఫాను చూసిన వాళ్లకి ఇన్సూరెన్స్ ఎందుకో చెప్పక్కర్లేదు. ఇంట్లో వాటా అద్దెకివ్వకూడదు. నీళ్ల దగ్గరికి మళ్లీ ఒక్క మాట: ఎండల్లో నీళ్లకి ఇబ్బందని వైజాగ్‌లో కూతురింటికి వెళ్లి రెండు మూడు నెలలు ఉండి రావచ్చు, కానీ ఏకబిగిన ఏడాది ఆ ఇంట్లో లేకపోతే ఇల్లు వదిలేసినట్టు లెక్కేసి బాకీ మొత్తం కట్టమంటారు. ఎక్కువ కాలం వెళ్లాల్సి వస్తే బ్రాంచికి ముందే లెటర్ ఇచ్చి, దాని కాపీ మీద స్టాంపు వేయించుకుని దగ్గర పెట్టుకోండి.