ల్యాబ్‌వ్యూలో బైట్లు కలిపితే తప్పు అంకె వస్తోందా? సమస్య - పరిష్కారం

ల్యాబ్‌వ్యూ అంటే ఫంక్షన్ల బొమ్మలను వైర్లతో కలిపి ప్రోగ్రామ్ రాసే సాఫ్ట్‌వేర్, ఆ బొమ్మలుండే చోటే బ్లాక్ డయాగ్రమ్. పరికరం పంపిన బైట్లను అక్కడ ఒక అంకెగా కలిపినప్పుడు తప్పు వస్తే, దాన్ని ముట్టుకునే ముందు పరికరం చేత తెలిసిన విలువ ఒకటి పంపించండి. 1000 చాలా అనువైనది. 32 బిట్లలో దాని బైట్లు 0, 0, 3, 232. సున్నాతో పరీక్షించడం వృథా, బైట్లు ఏ వరుసలో ఉన్నా సున్నాయే వస్తుంది. 1000కి బదులు వచ్చిన తప్పు అంకెను బట్టే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

1000 బదులు 3892510720 (రుణ సంఖ్యలూ పట్టే 32 బిట్ల రకం ఐ32 అయితే -402456576)

పరికరం చిన్న బైటును (తక్కువ స్థానపు బైటును) ముందు పంపుతోంది: 232, 3, 0, 0. బైట్లను కోరిన రకం అంకెగా చదివే టైప్ కాస్ట్ ఫంక్షన్ మాత్రం ఏ కంప్యూటర్ మీదైనా పెద్ద (ఎక్కువ స్థానపు) బైటే ముందు వస్తుందనుకుని చదువుతుంది. ల్యాబ్‌వ్యూ 1986లో మొదట వచ్చింది మెకింటాష్ మీద. అందులోని మోటరోలా ప్రాసెసర్ పద్ధతే అది. ఇంటెల్ కంప్యూటర్‌కు మారినా టైప్ కాస్ట్ మారలేదు.

విలువ ఒక్కటే అయితే యు8 (రుణం లేని 8 బిట్ల రకం) అర్రేను, అంటే బైట్ల వరుసను, రివర్స్ 1డి అర్రే గుండా పంపి, టైప్ కాస్ట్‌లో టైప్ దగ్గర యు32 (రుణం లేని 32 బిట్ల రకం) కాన్‌స్టంట్ పెట్టండి. విలువలు వరుసగా చాలా ఉంటే అర్రే మొత్తాన్ని తిప్పి, యు32 అర్రేగా టైప్ కాస్ట్ చేసి, ఫలితాన్ని మళ్లీ తిప్పండి. రెండోసారి తిప్పకపోతే చివరి విలువ మొదటికొస్తుంది. అర్రే పొడవు 4తో నిశ్శేషంగా భాగించబడాలి. చివర చెక్‌సమ్ (డేటా సరిగా వచ్చిందో చూసే) బైటు ఒక్కటి మిగిలినా, తిప్పాక అది ముందుకొచ్చి విలువలన్నిటినీ పక్కకు జరుపుతుంది. ముందు అర్రే సబ్‌సెట్‌తో డేటా భాగం మాత్రమే కోసుకోండి.

1000 బదులు 65536000

మోడ్‌బస్ అనే పద్ధతిలో డేటా పంపే మీటర్లలో తరచుగా కనిపించేది ఇదే. ఒక్కో రిజిస్టర్ 16 బిట్లు, దాని లోపల పెద్ద బైటే ముందు. 32 బిట్ల విలువను రెండు రిజిస్టర్లలో ఏ వరుసలో పెట్టాలో ప్రమాణం చెప్పదు, తయారీదారు ఇష్టం. టైప్ కాస్ట్ తర్వాత రెండు 16 బిట్ల భాగాలను అటూఇటూ మార్చే స్వాప్ వర్డ్స్ పెడితే సరిపోతుంది.

59395 వస్తే వర్డ్‌లు (16 బిట్ల భాగాలు) సరైన చోటే ఉన్నాయి, వాటి లోపలి బైట్లు తారుమారయ్యాయి. అక్కడ స్వాప్ బైట్స్ చాలు. యు32ను పూర్తిగా తిప్పాలంటే ఈ రెండూ కావాలి, ఏది ముందైనా ఫర్వాలేదు. యు64కు ఈ రెండూ చాలవు, రెండు 32 బిట్ల సగాలు ఉన్నచోటే ఉండిపోతాయి. అక్కడ బైట్ అర్రేనే తిప్పడం మేలు.

1000 బదులు 196840

రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఒకటిగా చేసే జాయిన్ నంబర్స్‌కు యు8 బదులు యు16 వైర్లు వెళ్తున్నాయి. అది 3ను 8 బిట్లు కాక 16 బిట్లు పైకి జరిపింది: 3 × 65536 + 232. వైర్ మూలం దగ్గర రిప్రెజెంటేషన్‌ను యు8 చేయండి.

పై బైటు మాయమై 232 మాత్రమే వస్తోంది

బిట్లను పక్కకు జరిపే లాజికల్ షిఫ్ట్ ఫలితం లోపలికి వచ్చిన రకంలోనే ఉంటుంది. యు8ను 8 బిట్లు ఎడమకు జరిపితే మిగిలేది సున్నా. షిఫ్ట్‌కు ముందే యు32గా మార్చండి, తర్వాత మార్చి లాభం లేదు.

అన్‌ఫ్లాటెన్ ఫ్రమ్ స్ట్రింగ్‌లో ఎర్రర్ 116

స్ట్రింగ్‌గా వచ్చిన బైట్లను కోరిన రకం డేటాగా మార్చే ఫంక్షన్ ఇది. అర్రే అడిగినప్పుడు ఈ ఫంక్షన్ మొదటి 4 బైట్లను పొడవుగా తీసుకుంటుంది. పరికరం పంపే డేటాలో ఆ పొడవు ఉండదు కదా. పొడవు ఉందా అని అడిగే ఇన్‌పుట్‌కు ఫాల్స్ ఇవ్వండి. బైట్ ఆర్డర్ ఇన్‌పుట్ కూడా ఇక్కడే ఉంది కాబట్టి అర్రే తిప్పే పనీ తప్పుతుంది.

బాగానే నడుస్తూ అప్పుడప్పుడు చెడిపోతోంది

ఇది జనాన్ని ఎక్కువగా తిప్పలు పెట్టే లోపం, ఎందుకంటే తప్పు బైట్లు కలిపే చోట ఉండదు. పరికరాలతో మాట్లాడే వీసా ఫంక్షన్లలో ఒకటైన వీసా కన్ఫిగర్ సీరియల్ పోర్ట్‌లో టర్మినేషన్ క్యారెక్టర్ (సందేశం ముగిసిందని చెప్పే బైటు) మామూలుగా ఆన్‌లో ఉంటుంది, దాని విలువ 10. బైనరీ డేటాలో 10 అనే బైటు రాగానే రీడ్ అక్కడే ఆగిపోతుంది. మిగిలిన బైట్లు తర్వాతి రీడ్‌లోకి చేరి, అక్కడినుంచి అన్నీ పక్కకు జరుగుతాయి. దాన్ని ఆపేసి, వీసా రీడ్‌కు ఫ్రేమ్ పొడవు కచ్చితంగా ఇవ్వండి. స్ట్రింగ్ ఇండికేటర్‌ను హెక్స్ డిస్‌ప్లేకు మార్చి చూస్తే ఎన్ని బైట్లు వచ్చాయో కనబడుతుంది.

రుణ విలువలు భారీ ధన సంఖ్యలుగా వస్తున్నాయి

16, 32 బిట్లకైతే టైప్ కాస్ట్‌కు ఐ16 లేదా ఐ32 ఇస్తే చాలు. బరువు సెన్సర్లతో వాడే హెచ్ఎక్స్711 లాంటి 24 బిట్ల చిప్‌కు సరిపడే రకం ల్యాబ్‌వ్యూలో లేదు. మూడు బైట్ల ముందు సున్నా చేర్చి, ఐ32గా టైప్ కాస్ట్ చేయండి. ఫలితం 8388608 లేదా అంతకన్నా ఎక్కువైతే 16777216 తీసేయండి.

చివరి అంకెలు సరిగా కనబడటం లేదు

ఇండికేటర్ నారింజ రంగులో ఉంటే అది డబుల్, అంటే దశాంశ సంఖ్యల రకం. మామూలు అమరికలో ఆరు అంకెలే చూపిస్తుంది. పైగా 9007199254740992 దాటిన యు64 విలువలన్నీ డబుల్‌లో కచ్చితంగా పట్టవు, దగ్గరి అంకెకు మారిపోతాయి. వైర్ మీద రైట్ క్లిక్ చేసి క్రియేట్‌లో ఇండికేటర్ ఎంచుకుంటే సరైన రకంతోనే వస్తుంది.