వీఎన్‌సీ స్వయంబోధిని – నాలుగో పాఠం: నత్తనడక తెర, ప్రశ్నార్థకాలుగా మారే తెలుగు

వీఎన్‌సీ అంటే ఒక కంప్యూటరు తెరను మరో కంప్యూటరు నుంచి చూస్తూ నడిపే పద్ధతి. చూసే వైపు ఉండే సాఫ్ట్‌వేర్ వ్యూయర్, తెరను చూపించే వైపు ఉండేది సర్వర్. గత పాఠంలో వ్యూయర్‌కూ సర్వర్‌కూ మధ్య సంబంధం కుదిరేంత వరకు వచ్చాము. వీఎన్‌సీ సంభాషణ సాగే ద్వారమైన 5900వ పోర్టు తెరిచి ఉందో లేదో చూడడం, సర్వర్ తనంతట తానుగా ముందు పంపే 12 బైట్ల పలకరింపును గమనించడం, పాత పద్ధతి పాస్‌వర్డ్‌లో మొదటి 8 అక్షరాలకే విలువ ఉంటుందని గుర్తుంచుకోవడం అక్కడి విషయాలు. సంబంధం కుదిరిన తరువాత ఎదురయ్యే రెండు ఇబ్బందులు ఈ పాఠానికి విషయం. తెర నెమ్మదించడం అందరికీ ఉన్న బాధే. తెలుగు పాడైపోవడం మాత్రం మన బాధ, దానికి మన భాషలో వివరణ దొరకడం అరుదు కనుక అక్కడ కొంత ఎక్కువ సేపు ఆగుదాం.

"నెమ్మదిగా ఉంది" అన్న ఒక్క ఫిర్యాదు వెనుక మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. ఏది అసలు కారణమో తేలకముందే సెట్టింగులు మార్చడం మొదలుపెడితే పని రెట్టింపవుతుంది. కారణాన్ని తేల్చడానికి రెండు నిమిషాల పరీక్ష చాలు. అవతలి కంప్యూటరులో నోట్‌ప్యాడ్ తెరిచి పది అక్షరాలు కొట్టండి, తరువాత తెర నిండా ఒక ఫొటో తెరవండి. అక్షరాలు వెంటనే కనబడి ఫొటో మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తుంటే, లైను మోయగలిగిన దానికంటే బరువు ఎక్కువైందని అర్థం. అక్షరాలు కూడా ఒక్కొక్కటీ ఆగి ఆగి వస్తుంటే, అవతలి కంప్యూటరులో టాస్క్ మేనేజర్ తెరిచి వీఎన్‌సీ సర్వర్ ప్రాసెసరును ఎంత వాడుతోందో చూడాలి. అది ఎక్కువగా వాడుతుంటే తెరను పట్టుకోవడంలోనే ఆలస్యం ఉంది. తక్కువగానే వాడుతుంటే ఆలస్యం దూరం వల్ల వస్తోంది.

బరువు ఎంతో లెక్క వేద్దాం. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న తెరలో 20,73,600 చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకు 4 బైట్ల చొప్పున, ఏ కుదింపూ లేకుండా తెరనంతా ఒకసారి పంపడానికి 82,94,400 బైట్లు కావాలి. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న లైను సెకనులో మోయగలిగేది 12,50,000 బైట్లే కనుక, ఒక్క బొమ్మకు ఆరున్నర సెకన్లకు పైగా పడుతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ముఖ్యంగా చూపించేవారి అప్‌లోడ్. చూసేవారి డౌన్‌లోడ్ ఎంత గొప్పగా ఉన్నా ఆ ఇరుకు తీరదు. ఈ బరువు తగ్గించడానికే ఎన్‌కోడింగులు, అంటే బొమ్మను తక్కువ బైట్లలో చెప్పే పద్ధతులు, ఉన్నాయి. ఉదాహరణకు ఒక కిటికీని పక్కకు జరిపితే, కాపీరెక్ట్ అనే పద్ధతి ఆ చుక్కలను మళ్ళీ పంపకుండా, "ఇక్కడున్నదాన్ని అక్కడికి జరుపు" అని 16 బైట్లలో చెప్పి ఊరుకుంటుంది. ఒకే రంగు పరుచుకున్న చోటును టైట్ అనే మరో పద్ధతి కొద్ది బైట్లలోనే ముగిస్తుంది. అవతలి డెస్క్‌టాప్ మీద కొండలూ పూలతోటలూ ఉన్న వాల్‌పేపరును తీసివేయమని అందరూ చెప్పేది ఇందుకే.

టైట్ పద్ధతిలో ఫొటోలకు జేపెగ్ కుదింపు ఉంటుంది, దాని నాణ్యతను 0 నుంచి 9 వరకు మార్చుకోవచ్చు. చాలామంది దీన్ని 2కో 3కో దించి సంతోషిస్తారు. ఇంగ్లీషు అక్షరాలకు అది కొంతవరకు చెల్లుతుంది. తెలుగు చదవవలసి వస్తే మాత్రం నేను ఒప్పుకోను. చిన్న అక్షరాలలో ఒత్తులు అలుక్కుపోతాయి, ప కు ష కు తేడా తెలిపే చిన్న గీత మాయమవుతుంది. అంతకంటే రంగులను 8 బిట్లకు దించడం నయం. ఆ స్థితిలో టైట్ పద్ధతి జేపెగ్‌ను అసలు వాడదు కనుక బొమ్మలు వెలవెలబోయినా అక్షరాల అంచులు నిలబడతాయి.

దూరం వల్ల వచ్చే ఆలస్యం వేరు. వీఎన్‌సీలో సర్వర్ తనంతట తాను బొమ్మ పంపదు. వ్యూయర్ "మారినది పంపు" అని అడిగితేనే పంపుతుంది, అది అందాక వ్యూయర్ మళ్ళీ అడుగుతుంది. డాలస్‌లో ఉన్న కొడుకు హైదరాబాదులోని తండ్రి కంప్యూటరును సరిచేస్తున్నాడనుకోండి. నేరుగా గీత గీసినా మధ్య దూరం సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, వెళ్ళి రావడానికే 140 మిల్లీసెకన్లు కావాలి. తీగలు నేరుగా ఉండవు కనుక వాస్తవంలో ఇంకా ఎక్కువే. వెళ్ళివచ్చే సమయాన్ని కొలిచే పింగ్ 250 మిల్లీసెకన్లు చూపితే, అడిగి తెచ్చుకునే ఈ పద్ధతిలో సెకనుకు నాలుగు బొమ్మలకు మించి రావు. ఇంటర్నెట్ ప్లాను మార్చి ఎక్కువ డబ్బు కట్టినా ఆ నాలుగు ఐదు కావు. దీనికి మందు ఎడతెగని నవీకరణ అనే పొడిగింపు. అడగకుండానే సర్వర్ పంపుతూ పోయే ఈ ఏర్పాటును టైగర్‌వీఎన్‌సీ వంటి వీఎన్‌సీ సాఫ్ట్‌వేర్లు సమకూర్చాయి, అయితే రెండు చివర్లలోనూ అది ఉండాలి.

మూడో కారణం గురించి క్లుప్తంగా చెబితే చాలు. విండోస్ 8 నుంచి తెరలో ఏం మారిందో చెప్పే సదుపాయం విండోస్‌లోనే ఉంది. పాత సర్వర్ దానిని వాడుకోక తెరనంతా పదే పదే పోల్చి చూస్తుంటే ప్రాసెసరు అలసిపోతుంది. కొత్త రూపాంతరం (వెర్షన్) వేసుకోవడమే దారి.

ఇక తెలుగు సంగతి. వీఎన్‌సీ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి పరిశోధనశాలలో 1990లలో పుట్టింది. ఇవతల కాపీ చేసిన పాఠాన్ని (టెక్స్టును) అవతలికి పంపే సందేశానికి వారు పెట్టుకున్న లిపి లాటిన్-1. అందులో ఉన్నవి 256 స్థానాలే, పశ్చిమ ఐరోపా భాషలకు సరిపోయేటంతే. ప్రపంచ లిపుల అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 3072 నుంచి 3199 వరకు ఉన్న స్థానాలు. "క" సంఖ్య 3093. 255 దాటిన ఏ అంకెకూ ఆ సందేశంలో చోటు లేదు కనుక, పంపే సాఫ్ట్‌వేర్ దాని బదులు ప్రశ్నార్థకం పెట్టి పంపుతుంది. వీఎన్‌సీ నియమాలను వివరిస్తూ 2011 మార్చిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 6143 పత్రంలో కూడా ఈ లాటిన్-1 నియమం అలాగే ఉంది. ఒకసారి నేను నలభై పేర్ల జాబితాను ఇవతల కాపీ చేసి అవతలి స్ప్రెడ్‌షీటులో అతికించి, చూసుకోకుండా సేవ్ చేశాను. మర్నాడు తెరిస్తే వరుసకో గుప్పెడు ప్రశ్నార్థకాలు. ఫాంటు లేదనుకొని ఫాంట్లు ఎక్కించాను. ఫాంటు లేకపోతే డబ్బాలు కనబడతాయి, ప్రశ్నార్థకాలు కనబడితే అక్షరం దారిలోనే పోయినట్టు. ఈ తేడా తెలిసి ఉంటే ఒక పూట మిగిలేది.

యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో పాఠాన్ని పంపే విస్తృత క్లిప్‌బోర్డు అనే పొడిగింపు ఇప్పుడు ఉంది. 2019లో వచ్చిన టైగర్‌వీఎన్‌సీ 1.10లో ఇది చేరింది. రెండు చివర్లూ దాన్ని ఒప్పుకుంటేనే పనిచేస్తుంది, ఒక్కటి పాతదైనా మౌనంగా లాటిన్-1కే దిగిపోతాయి. అవతలి సర్వర్‌ను మార్చే అధికారం మీకు లేకపోతే, పాఠాన్ని యూటీఎఫ్-8 ఫైలుగా సేవ్ చేసి ఫైళ్ళ బదిలీ ద్వారా పంపండి. అల్ట్రావీఎన్‌సీలోనూ టైట్‌వీఎన్‌సీలోనూ ఆ సదుపాయం ఉంది.

టైపు చేయడంలో చిక్కు ఇంకో రకం. మీరు ఏ మీట నొక్కారన్నది కాక, ఆ మీట వల్ల ఏ అక్షరం పుట్టిందన్నది వ్యూయర్ పంపుతుంది. ఇవతల ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక పెట్టుకొని "క" కొడితే, 3093కు 1,67,77,216 కలిపి 1,67,80,309 అనే అంకె అవతలికి పోతుంది. ఆ అంకెను ఏ మీటగా భావించాలో తెలియని సర్వర్లు దాన్ని వదిలేస్తాయి. కనుక ఇవతల కీబోర్డును ఇంగ్లీషులో ఉంచి, అవతల మాత్రమే తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌ను ఎంచుకోండి. అప్పుడు పోయేది మామూలు ఇంగ్లీషు అక్షరమే, దాన్ని తెలుగుగా మార్చే పని అవతలి విండోస్ చూసుకుంటుంది. రెండు వైపులా తెలుగు పెట్టుకొని "అక్షరాలు పడడం లేదు" అని అడిగేవారే నాకు ఎక్కువగా తగులుతుంటారు.

ఇవన్నీ చేసినా లోపం తీరకపోతే దాన్ని సాఫ్ట్‌వేర్ తయారుచేసే సమూహానికి తెలపాలి. వీఎన్‌సీ నియమాలు బహిరంగం కనుక చాలావరకు ఏ వ్యూయర్‌నైనా ఏ సర్వర్‌కైనా కలపవచ్చు, ఈ వీలు లోపాన్ని పట్టుకోవడానికి చక్కగా పనికొస్తుంది. అదే సర్వర్‌కు వేరొక వ్యూయర్‌తో వెళ్ళినప్పుడు లోపం కనబడకపోతే దోషం మొదటి వ్యూయర్‌దే కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. టైగర్‌వీఎన్‌సీ వ్యూయర్ మెనూలో (చాలా రూపాంతరాలలో ఇది ఎఫ్8 నొక్కితే వస్తుంది) సంబంధ సమాచారం అన్న అంశం తెరిచి, వాడుతున్న ఎన్‌కోడింగు, చుక్కల రూపం, లైను వేగపు అంచనా రాసుకోండి. నివేదికలో రెండు చివర్ల సాఫ్ట్‌వేర్, రూపాంతరాల సంఖ్యలు, ఆపరేటింగ్ సిస్టములు, లోపాన్ని మళ్ళీ పుట్టించగల అతి చిన్న ఉదాహరణ ఉండాలి. "తెలుగు రావడం లేదు" అని రాస్తే తెలుగు చదవలేని ప్రోగ్రామరు ఏమీ చేయలేడు. "యూనికోడ్ 3093వ అక్షరం ఒక్కటి కాపీ చేసి అతికిస్తే 63వ అక్షరం వస్తోంది" అని రాస్తే అతడు తన ఊళ్ళోనే దాన్ని పరీక్షించుకోగలడు. లాగ్ ఫైలు జతచేసే ముందు అందులోని ఐపీ చిరునామాలనూ కంప్యూటర్ల పేర్లనూ తుడిచివేయండి.

వచ్చే పాఠంలోగా చేయవలసిన అభ్యాసం ఇది. మీ ఇంట్లోనే రెండు కంప్యూటర్లను కలిపి, "క", "క్ష", "స్త్రీ" అనే మూడింటినీ ముందు అతికించి, తరువాత టైపు చేసి, ఏది ఎలా చేరిందో రాసి పెట్టుకోండి. రూపాంతరం సంఖ్యలు కూడా పక్కనే రాయండి. ఐదో పాఠంలో 5900వ పోర్టును బయటి ప్రపంచానికి తెరవకుండా ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం (ఇతరులు చదవలేని సంకేతాలలో సాగే సంబంధం) గుండా ఇదే పని చేయడం చూద్దాం.