పిల్లలకి నోట్లు గుర్తుపట్టడం ఇలా నేర్పండి

మా కోనసీమలో కూడా ఇప్పుడు కూరగాయల బండి నుంచి బోండాల కొట్టు దాకా అంతా స్కానింగే కదండీ, దాంతో నాలుగైదేళ్ళ పిల్లలు డబ్బులంటే ఫోన్లో టింగుమనే సౌండే అనుకుంటున్నారు. అందుకే అప్పుడప్పుడైనా నోట్లు వాళ్ళ చేతికి ఇవ్వండి, బొమ్మ నోట్లు వద్దు, నిజమైనవే ఇవ్వండి.

మొదట్లోనే అంకెల జోలికి పోవద్దు. రంగూ, వెనకాల బొమ్మా చూపించండి చాలు. 10 చాక్లెట్ రంగు, కోణార్క్ గుడి ఉంటది. 50 నీలం, మీద హంపి రథం, అంతర్వేది తీర్థానికి వెళ్ళి రథం చూసిన పిల్లలైతే ఇట్టే పట్టేస్తారు. 100 లేత ఊదా, 500 బూడిద రంగు, ఎర్రకోట. చిక్కంతా 20తో, 200తోనే, రెండూ పసుపులాగే కనిపిస్తాయి మరి. 20లో కాస్త ఆకుపచ్చ కలిసుంటది, ఎల్లోరా గుహలు, 200 మీద సాంచి స్తూపం. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టించండి, 20 పొడవు 129 మిల్లీమీటర్లు, 200ది 146, తేడా వాళ్ళకే కనిపిస్తది. కొత్త నోట్లలో 10 నుంచి 500 దాకా విలువతో పాటు పొడవూ పెరుగుద్ది కాబట్టి మెట్లలా పేర్చమనండి. పాత సిరీస్ నోట్లు కూడా తిరుగుతున్నాయి, వాటి రంగులు వేరు, అందుకని రంగులు వచ్చాక అంకె కూడా చూడటం అలవాటు చెయ్యాలి. చదవడం వస్తే వెనకాల భాషల పట్టీలో తెలుగు వెతకమనండి, కింద నుంచి రెండో లైను.

అసలు కష్టం విలువ దగ్గరండి. పది రూపాయల నోట్లు ఐదూ, ఒక 50 నోటూ పెట్టి ఏది ఎక్కువంటే పిల్లలు ఐదు కాగితాలే ఎక్కువంటారు. తప్పని గదమాయించొద్దు, కొట్టుకి తీసుకెళ్ళి ఐదు పదులిచ్చి 50 తెచ్చుకోమనండి, మళ్ళీ అది మార్చి పదులు తెచ్చుకోమనండి, రెండు మూడుసార్లకి వాళ్ళకే అర్థమవుద్ది.

కొబ్బరి దింపు తీయించే రోజు పిల్లల్ని తోటలోకి తీసుకెళ్ళండి. చెట్టుకి ఇంత అని లెక్కేసి ఆ కూలి డబ్బులు పిల్లల చేతే ఇప్పించండి, "బాబాయ్, తీసుకోండి" అని రెండు చేతులతో. అంత ఎత్తు ఎక్కి దిగితే ఈ నోటు వచ్చిందని కళ్ళారా చూసిన పిల్లాడికి దాని విలువ మనం వేరే చెప్పక్కర్లేదు.

నోటు మీద పెన్నుతో రాయనివ్వొద్దు, పిన్ను కొట్టనివ్వొద్దు. కొట్లో చిల్లర ఇచ్చినప్పుడు మాత్రం అక్కడే నిలబడి పైకి లెక్కపెట్టుకోనివ్వండి, వెనక జనం ఉన్నా తొందరపెట్టకండి.