రెటీనా ఆపరేషన్ తర్వాత కోరాయిడ్ మందం: రిపోర్టులో అంకె ఎలా చూడాలి

నాన్నకి రెటీనా (కంటి వెనక చూపుని పట్టే పొర) ఊడితే బకిల్ అనే పట్టీ వేశారు. వారానికి తీసిన ఓసీటీలో (కంటి పొరల్ని కాంతితో తీసే స్కాన్) కోరాయిడ్ మందం 281 మైక్రాన్లు, ఆపరేషన్‌కి ముందు 238. మర్రిపాలెంలో ఇంట్లో మంచం మీద రెండు రిపోర్టులూ పరుచుకుని "లోపల వాచిందిరా" అని ఒకటే టెన్షన్. ఇలాంటి రిపోర్టు మీ ఇంటికీ వస్తే ఎలా చూసుకోవాలో రాస్తున్నాను.

రెటీనాకీ, బయటి తెల్లటి పొరకీ మధ్య ఉండే రక్తనాళాల పొరే కోరాయిడ్. పెద్దవాళ్లలో సుమారు 250 నుంచి 300 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. వయసుతో పాటు పలచబడుతుంది, మైనస్ పవర్ బాగా ఎక్కువున్నవాళ్లకి 100 లోపు కూడా ఉండొచ్చు. అందుకే పక్కింటాయన రిపోర్టుతో పోల్చకండి. మీ కంటిని మీ కంటి పాత అంకెతోనే పోల్చాలి, వీలైతే అదే రోజు రెండో కంటికీ తీయించుకోవాలి.

టైము చూడటం చాలామంది మర్చిపోతారు. కోరాయిడ్ నిండా రక్తమే కాబట్టి తెల్లవారుజామున మందంగా, సాయంత్రానికి పలచగా ఉంటుంది, ఒక్క రోజులోనే 20, 30 మైక్రాన్లు అటూ ఇటూ అవుతుంది. కాఫీ తాగితే కొన్ని గంటలపాటు కాస్త తగ్గుతుంది (అరకు కాఫీకీ మినహాయింపు లేదు మరి). కాబట్టి ప్రతిసారీ దాదాపు అదే టైముకి, అదే మెషీన్ మీద తీయించుకోండి. మామూలు స్కాన్‌లో కోరాయిడ్ వెనక అంచు మసకగా ఉంటుంది, 2008లో లోతు పొరలు స్పష్టంగా కనిపించేలా స్కాన్ తీసే ఈడీఐ పద్ధతి వచ్చాకే దాన్ని కొలవడం తేలికైంది. ఇప్పటికీ చాలాచోట్ల ఆ గీత చేత్తోనే గీస్తారు, చెయ్యి మారితే పది మైక్రాన్లు మారినా ఆశ్చర్యం లేదు.

తర్వాత, ఏ ఆపరేషనో చూడండి. బకిల్ అంటే కంటి గుడ్డు చుట్టూ బయట నుంచి బిగించే సిలికాన్ పట్టీ. అది కోరాయిడ్ నుంచి రక్తం బయటికి పోయే సిరల్ని నొక్కుతుంది, రక్తం కాస్త నిలిచి పొర ఉబ్బుతుంది. సాధారణంగా కొన్ని వారాల్లో దిగిపోతుంది. శుక్లాల ఆపరేషన్ తర్వాత కూడా లోపలి వాపు వల్ల కొద్దిగా పెరగొచ్చు. విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీ తీసేసే ఆపరేషన్) చేసి గ్యాస్ పెడితే మాత్రం బుడగ తగ్గేదాకా స్కాన్ సరిగ్గా రాదు, తొందరపెట్టకండి. గ్యాస్ రకాన్ని బట్టి రెండు వారాల నుంచి రెండు నెలలు పడుతుంది. అన్నాళ్లూ విమానం వద్దు, అరకు ఘాట్ కూడా వద్దు. సుమారు 900 మీటర్లు ఎక్కేసరికి బయట గాలి ఒత్తిడి తగ్గి కంట్లో బుడగ ఉబ్బుతుంది, కంటి ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది.

అంకె మంచిగా ఉందని ధీమా కూడా వద్దు. పక్క నుంచి తెర దిగినట్టు నీడ, మెరుపులు, కొత్తగా నల్ల చుక్కలు, ఉన్నట్టుండి గట్టి నొప్పి, చూపు తగ్గడం, వీటిలో ఏదొచ్చినా రిపోర్టు పక్కన పడేసి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నేను ఫైలు అట్ట మీదే తేదీ, టైము, మెషీన్ పేరు, రెండు కళ్ల అంకెలు రాసి పెడుతున్నాను. మూడో నెలలో నాన్నకి 243 వచ్చింది. ఆ పొద్దున ఆయన కాఫీ తాగారో లేదో మాత్రం అడగడం మర్చిపోయాను.