సేంద్రియ సాగుకు మారాలా, వద్దా? ఇంట్లో కూర్చుని ఎలా తేల్చుకోవాలి

ముందు పాత లెక్క తీయండి. పోయిన రెండేళ్లలో ఎకరానికి యూరియా, డీఏపీ ఎన్ని బస్తాలు పడ్డాయి, పురుగుమందు ఎన్నిసార్లు కొట్టారు, కూలీలకు ఎంతయింది, అన్నీ ఒక పుస్తకంలో రాయండి. దుకాణంలో అరువు తెచ్చి పంట వచ్చాక తీర్చేవాళ్లు ఆ వడ్డీని కూడా వేసుకోవాలి. చాలా ఇళ్లలో దాన్నే మర్చిపోతారు.

తర్వాతది చాకిరీ. రసాయన ఎరువు బదులు పొలానికి పులియబెట్టి పోసే ద్రావణం జీవామృతం. ఎకరానికి ఒక విడతకు 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కావాలి. వినడానికి తేలికే. అయిదెకరాలకు తిప్పి తిప్పి చేయాలంటే పేడ ఎవరు ఎత్తాలి, డ్రమ్ములు ఎవరు మోయాలి? ఆ పని చివరికి ఆడవాళ్ల మీదే పడుతుంది. అందుకే ఇది అరుగు మీద మగవాళ్లు తేల్చే సంగతి కాదు. ఇంట్లో గొడ్డు లేకపోతే ఈ ఏడు ఆగడమే మంచిదని నా మాట.

కౌలు భూమా? మూడేళ్లదాకా వెనక్కి తీసుకోనని భూమి ఆసామి మాటిస్తేనే దిగండి. లేకపోతే మీరు మట్టికి పెట్టిన బలం ఇంకొకరి పంటకు పోతుంది.

అంతా ఒక్కసారే మార్చొద్దు. 2021లో శ్రీలంక దేశమంతటా రసాయన ఎరువుల దిగుమతి ఆపేసి, కొన్ని నెలలకే వెనక్కి తగ్గింది. మన జనగామ జిల్లా ఏనబావి రైతులు మాత్రం ముందు పురుగుమందులు మానేసి, ఆ తర్వాతే ఎరువుల జోలికి వెళ్లారు. మీరూ ఇంటి తిండిగింజల మడితో మొదలుపెట్టండి. పక్క చేను నీళ్లు దిగని మడిని ఎంచుకోండి, లేదంటే వాళ్లు కొట్టిన మందు మీకూ వస్తుంది. నాట్లకు ముందు పచ్చిరొట్ట ఎరువుకు పనికొచ్చే జీలుగ విత్తనం చల్లి, పూతకొచ్చే వేళకు కలియదున్నండి.

సర్టిఫికెట్ గురించి అప్పుడే తొందరెందుకు? ఊళ్లోనే అమ్ముకునేవాళ్లకు దాంతో పెద్ద పనిలేదు. ఎగుమతి ధ్రువీకరణకైతే ఏడాది పంటలకు రెండేళ్లు, మామిడిలాంటి తోటలకు మూడేళ్లు మార్పు కాలం ఉంటుంది. ఆ రోజుల్లో ఖర్చు కొత్త పద్ధతిది, ధర మాత్రం మామూలు మార్కెట్‌దే. అది తట్టుకునే డబ్బు చేతిలో ఉందా అన్నది చూసుకోండి. దేశంలోపల అమ్మకానికి కనీసం అయిదుగురు రైతులు గుంపుగా చేరి, ఒకరి పొలం ఒకరు చూసి, ఒకరికొకరు హామీగా నిలిచి తీసుకునే పీజీఎస్ సర్టిఫికెట్ చవక.

రెండు పంటలయ్యాక ఆ మడినీ పాత పద్ధతి మడినీ పక్కపక్కన పెట్టి చూడండి. పండిన బస్తాలు లెక్కపెట్టొద్దు. ఖర్చులు పోను చేతిలో మిగిలింది ఎంతో చూసి, రెండో మడి సంగతి అప్పుడు మాట్లాడుకోండి.