పాత .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనేముందు చేత్తో చూసుకోవాల్సినవి

నెల్లూరు, ఒంగోలు వైపు టార్గెట్ షూటింగ్ మీద ఇష్టంతో రైఫిల్ కొనాలనుకునేవాళ్లు ముందు కంపెనీ పేరు అడుగుతారు. ఆ ప్రశ్న అన్నిటికంటే చివర రావాలి. విదేశీ రైఫిల్ దిగుమతి చేసుకునే వీలు పోటీల్లో పేరు తెచ్చుకున్న షూటర్లకే ఉంటుంది. మిగతావాళ్ల చేతికొచ్చేది ప్రభుత్వ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ (ఆయుధ కర్మాగారం) చేసిన .22 (గొట్టం లోపలి వెడల్పు 0.22 అంగుళం) స్పోర్టింగ్ రైఫిల్, లేదంటే రెండు మూడు లైసెన్సులు మారిన పాత బ్రనో, పాత ఆన్‌షుట్జ్ లాంటి విదేశీ కంపెనీలవి. అన్నేళ్ల బారెల్‌ని (గొట్టాన్ని) ఎవరు చేశారన్నది కాదు, ఎవరు ఎలా వాడారన్నదే గురిని తేలుస్తుంది. అందుకే చేత్తో పట్టి, కాల్చి చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

వేట సంగతి ముందే తేల్చుకుందాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఉదయగిరి కొండల కింద వేరుశనగ చేను పందులు దున్నిపోయినా, గిద్దలూరు వైపు కందిచేనులో దుప్పులు పడినా, అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకి ఎత్తకూడదు. పంట నష్టానికి అటవీశాఖకు అర్జీ పెట్టుకోవడమే దారి. కాబట్టి "వేటకూ పనికొస్తుంది" అంటూ .315, .30-06 లాంటి పెద్ద తూటా రైఫిల్ అంటగట్టేవాళ్ల మాట వినొద్దు. వాటి తూటా ఖరీదు ఎక్కువ, భుజం మీద తన్ను ఎక్కువ. కొత్తవాడు ఆ తన్నుకు జడిసి ట్రిగ్గర్ లాగే క్షణంలో కళ్లు మూసుకోవడం అలవాటు చేసుకుంటాడు, ఆ అలవాటు వదిలించడానికి నెలలు పడుతుంది. .303 లాంటి సైనిక బోరు అయితే మామూలు లైసెన్సు మీద రానే రాదు. 50 మీటర్ల పోటీకి కావాల్సింది '.22 లాంగ్ రైఫిల్' అనే చిన్న తూటా కాల్చే రైఫిల్.

లైసెన్సు ఇచ్చేది జిల్లా కలెక్టరు. వయసు 21 నిండాలి. 12 దాటిన పిల్లలు శిక్షణలో భాగంగా, పెద్దల పర్యవేక్షణలో కాల్చొచ్చు. 2019 సవరణ తర్వాత ఒకరి పేరు మీద రెండు తుపాకులకు మించి కుదరదు, లైసెన్సు అయిదేళ్లు నడుస్తుంది. మామూలు లైసెన్సు మీద తూటాలు ఒకసారికి 100, ఏడాదికి 200. ఒక్క ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) మ్యాచే 60 తూటాలు కదా, సాధనకి అవి ఏ మూలకూ చాలవు. షూటర్ల కోటా కావాలంటే రైఫిల్ సంఘంలో సభ్యత్వం, పోటీల్లో స్కోర్లు ఉండాలి. అప్పటిదాకా 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌తో 10 మీటర్లు కాల్చండి. 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న దానికి లైసెన్సు అక్కర్లేదు, నేర్చుకున్న ట్రిగ్గర్ పట్టు అంతా .22కి పనికొస్తుంది.

రైఫిల్ ఎదుటికి రాగానే, ఎవరు "ఖాళీయే" అన్నా సరే, బోల్టు (గొట్టాన్ని వెనకనుంచి మూసే పిడి ఉన్న భాగం) వెనక్కి లాగండి. మ్యాగజైన్ తీయండి. చాంబర్ (తూటా కూర్చునే చోటు) లోకి కంటితో చూసి, చిటికెన వేలితో తడమండి. గొట్టం నేల వైపే ఉండాలి. ఆ తర్వాత నంబరు చూడండి. రైఫిల్ మీది నంబరు, అమ్మేవాళ్ల లైసెన్సు మీది నంబరు ఒక్క అంకె తేడా లేకుండా కలవాలి. చేబదులుగా తీసుకుని తర్వాత రాయించుకుందాం అంటే అది ఆయుధాల కేసు అవుతుంది.

ఇక కొలత. రైఫిల్ భుజానికి ఆనించి, కళ్లు మూసుకుని, చెంపని బట్ (భుజానికి ఆనే వెనక భాగం) మీద వాల్చండి. అయిదు సెకన్లు ఆగి కళ్లు తెరవండి. కన్ను వెనక సైటుకి నేరుగా ఉండాలి. మెడ సాచాల్సి వచ్చినా, చెంప ఎత్తి పట్టుకోవాల్సి వచ్చినా ఆ బట్ మీకు సరిపోదు. అయిదో షాట్ దాకా నెట్టుకొచ్చినా, నలభయ్యో షాట్‌కి మెడ పట్టేసి గుండ్లు పైకీ కిందికీ చెదురుతాయి. ట్రిగ్గర్ నుంచి బట్ చివరికి పెద్దల స్పోర్టింగ్ రైఫిళ్లలో సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. పదమూడేళ్ల పిల్లకి అది పొడుగు. బట్‌ప్లేటు వెనక్కీ ముందుకీ జరిగేదైతే ఇంట్లో ఇద్దరికి పనికొస్తుంది. 50 మీటర్ల పోటీకి బరువు 8 కిలోల దాకా అనుమతి ఉంది కదా అని బరువైనది కొనొద్దు. 45 కిలోల మనిషి నిలబడి కాల్చాలంటే అయిదు కిలోల దగ్గర ఆగడం మంచిది.

బారెల్ చూడ్డానికి బోల్టు పూర్తిగా బయటికి తీసి, వెనకనుంచి తెల్లగోడ వైపు పెట్టి చూడండి. లోపల మెలి తిరిగిన గాడులు చివరిదాకా పదునుగా, మెరుస్తూ కనిపించాలి. మధ్యలో నల్లటి ఉంగరంలాంటి నీడ ఉంటే ఎప్పుడో లోపల గుండు ఇరుక్కుని ఉండగా రెండోది కాల్చారన్నమాట. అక్కడ గొట్టం ఉబ్బింది. అనుమానంగా ఉంటే నూనె గుడ్డని బిర్రుగా కట్టి రాడ్‌తో నెమ్మదిగా నెట్టండి. ఒకే బిగువుతో వెళ్లాలి. ఒకచోట సర్రున జారితే వదిలేయండి, ఎంత తక్కువకిచ్చినా వద్దు.

గొట్టం మూతి దగ్గర దూదిపుల్ల పరీక్ష చేయండి. దూదిపుల్లని లోపల అంగుళం పెట్టి, అన్ని దిక్కులా తిప్పుతూ బయటికి లాగాలి. దూది పోగు ఏ అంచుకైనా చిక్కుకుని నిలిస్తే అక్కడ గీతో నొక్కో ఉన్నట్టే. గుండు బయటికొచ్చే చివరి క్షణంలో వెనకనున్న గ్యాస్ ఆ నొక్కు వైపు ముందుగా తప్పించుకుని గుండుని పక్కకి తోస్తుంది. కడ్డీని మూతి వైపునుంచి పెట్టి శుభ్రం చేసేవాళ్ల రైఫిళ్లలో ఇది సర్వసాధారణం. దీనికి భయపడక్కర్లేదు, మంచి గన్‌స్మిత్ లేత్ మీద మూతిని కొద్దిగా కోసి సరిచేయగలడు. ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి.

బోల్టు మూసి పిడిని ఊపి చూస్తే కాస్త ఆట సహజం, బోల్టు మొత్తం ముందుకీ వెనక్కీ కదిలితే సహజం కాదు. అసలు కథ చెప్పేది కాల్చిన ఖాళీ కేసులు. అయిదు తూటాలు కాల్చి, ఆ అయిదు ఖాళీలని అరచేతిలో వరసగా పెట్టుకుని ఎండలో చూడండి. అంచు మీద ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే సూది) గుర్తు అయిదింటిలోనూ ఒకే లోతు, ఒకే ఆకారం ఉండాలి. ఒకటి లోతుగా, ఒకటి పైపైన ఉంటే స్ప్రింగ్ అలసిపోయిందని, లేదా బోల్టులో పాత గ్రీజు గట్టిపడిందని అర్థం. దెబ్బ తేడా వస్తే మందు అంటుకునే తీరు మారుతుంది, వేగం మారుతుంది, టార్గెట్ మీద గుండ్లు నిలువుగా బారుతాయి. చాలామంది దాన్ని తమ ఊపిరి తప్పు అనుకుంటారు. స్ప్రింగ్ మార్చితే పోయే జబ్బు అది. ఖాళీ కేసు అంచు పక్కన ఒక గీత అదే చోట మళ్లీ మళ్లీ పడుతుంటే, కేసు బయటికి రావడానికి మొరాయిస్తుంటే, చాంబర్ అంచు నలిగింది. తూటా లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కుతూ ఆడినందువల్ల పిన్ నేరుగా ఇనుము మీద కొట్టి చేసిన గాయం అది. మీరు ఖాళీగా సాధన చేసేటప్పుడు డమ్మీ తూటా పెట్టుకోండి.

ట్రిగ్గర్ తేలిగ్గా ఉండటం ఒక్కటే గొప్ప కాదు, ప్రతిసారీ ఒకే బరువు దగ్గర తెగాలి. స్పోర్టింగ్ రైఫిల్‌కి కిలో నుంచి కిలోన్నర, టార్గెట్ రైఫిల్‌కి 100 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఎవరో ఆకురాయితో రుద్ది తేలిక చేసిన ట్రిగ్గర్ ప్రాణం మీదికి తెస్తుంది. ఖాళీ రైఫిల్‌ని కాక్ చేసి (బోల్టు లాగి మూసి, ట్రిగ్గర్ కాల్చడానికి సిద్ధంగా పెట్టి), బట్ కింద రబ్బరు సుత్తితో నాలుగైదుసార్లు తట్టండి. ఒక్కసారి దానంతటదే దిగినా కొనొద్దు.

రైఫిల్‌కి చెక్క స్టాక్ (బారెల్ కూర్చునే చెక్క చట్రం) ఉంటే బారెల్‌కీ చెక్కకీ మధ్య రూపాయి నోటు లాంటి పల్చటి కాగితం చివరినుంచి జరిపి చూడండి. యాక్షన్ (బోల్టు, ట్రిగ్గర్ ఉండే భాగం) దగ్గరిదాకా ఆగకుండా వెళ్లాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో వానలు, తేమ. చెక్క ఉబ్బి బారెల్‌ని ఒక పక్క నొక్కుతుంది, సైట్లు ముట్టుకోకుండానే గురి పక్కకి పోతుంది. వడగాలులకి అదే చెక్క ఎండి, మరలు వదులవుతాయి. యాక్షన్ మరలని తయారీదారు చెప్పిన బిగువుకి టార్క్ రెంచితోనే బిగించాలి. చేతి అందాజు ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది.

సైట్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒలింపిక్ తరహా పోటీలో టెలిస్కోపు ఒప్పుకోరు, పీప్ సైటు (చిన్న రంధ్రంలోంచి చూసేది) కావాలి. దాన్ని బిగించే 11 మి.మీ. పట్టా రైఫిల్ మీద ఉందో లేదో చూడండి. ముందు సైటు రింగు మరీ చిన్నది వేసుకోవద్దు. రింగులో టార్గెట్ నల్ల వృత్తం చుట్టూ తెల్లటి వెలుగు ధారాళంగా కనిపిస్తే కన్ను అలసిపోదు.

చివరి పరీక్ష తూటాలతో. లైసెన్సు ఉన్న రేంజిలోనే చేయాలి. క్వారీ గోతుల్లో, సరుగుడు తోటల్లో కాల్చడం నేరం. .22 గుండు కిలోమీటరు దాటి పోతుంది, రాయికి తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఉదయం ఎనిమిదిలోపు, సముద్రపు గాలి లేవకముందు మొదలుపెట్టండి. గంటకి 16 కిలోమీటర్ల అడ్డగాలి 50 మీటర్ల దగ్గర గుండుని సుమారు రెండున్నర సెంటీమీటర్లు జరుపుతుంది, అప్పుడు మీరు కొలిచేది గాలినే. బల్ల కదలకూడదు. చీమకుర్తి గ్రానైట్ ముక్క ఒకటి పైన పరిస్తే చాలు. పెన్నా ఇసుకని జల్లెడపట్టి, ఎండబెట్టి, పాత జీన్స్ ప్యాంటు కాలులో పోసి కుట్టిన సంచీ మీద ముందు కట్టె (బారెల్ కింది చెక్క) ఆనించండి. బారెల్ సంచీకి తగలొద్దు.

తూటా స్టాండర్డ్ వెలాసిటీది తీసుకోండి. 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) గుండు సెకనుకి 320, 330 మీటర్ల వేగంతో, ధ్వని కంటే కాస్త కింద వెళ్తుంది. హై వెలాసిటీ తూటా ధ్వని వేగాన్ని దాటి బయల్దేరి, దారిలో మళ్లీ కిందికి దిగుతుంది. ఆ దిగేచోట గుండు తడబడుతుంది. మొదటి పది షాట్లు లెక్కలోకి రావు. బారెల్ లోపల ఆ తూటా మైనం పట్టాలి. తర్వాత పదేసి షాట్ల చొప్పున మూడు గ్రూపులు కాల్చండి. మూడు షాట్ల గ్రూపు చూపించి మురిపించేవాళ్లని నమ్మొద్దు. 50 మీటర్ల టార్గెట్‌లో పది వృత్తం 10.4 మి.మీ., గుండు 5.6 మి.మీ. గుండు అంచు గీతని తాకినా పదే కాబట్టి, గుండు నడిబొడ్డు 16 మి.మీ. వలయంలో ఎక్కడ పడ్డా పది వస్తుంది. పది షాట్లూ ఆ వలయంలో పడితే రైఫిల్ మీకంటే ముందుంది, కొనేయండి. గ్రూపు వెడల్పు 25 మి.మీ. వచ్చినా నేర్చుకోవడానికి బాగానే పనికొస్తుంది. అంతకు మించితే తూటా మార్చి చూడండి. ఒకే కంపెనీలో లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు మారినా ఫలితం మారుతుంది. బాగా పడిన లాట్ దొరికితే కోటా ఉన్నంతవరకూ అదే తీసుకోండి. మే నెలలో వాటిని కారు డిక్కీలో మాత్రం వదలొద్దు.

ఇంటికి తెచ్చాక కావలి, కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో రైఫిల్‌ని గుడ్డసంచీలో, ఫోమ్ పెట్టెలో ఉంచితే పదిరోజుల్లో తుప్పు చుక్కలు వస్తాయి. ఫోమ్ తేమని పట్టి ఉంచుతుంది. తాళమున్న ఇనుప బీరువాలో నిలబెట్టి, సిలికా జెల్ పెట్టి, నెలకోసారి దాన్ని వేడిచేసి ఆరబెట్టండి. తూటాలు వేరే అరలో, వేరే తాళంతో. ఎన్నికలప్పుడు రైఫిల్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటే ముందురోజు బారెల్ లోపలా బయటా పలచగా గ్రీజు పూసి ఇవ్వండి, రసీదు మీద నంబరు సరిచూసుకోండి. తిరిగి తెచ్చుకున్నాక ఆ గ్రీజు పూర్తిగా తుడవకుండా కాల్చొద్దు. గొట్టంలో చిక్కటి గ్రీజు మిగిలితే పీడనం పెరిగి బారెల్ ఉబ్బుతుంది.